పందిముక్కుకు పేరు పెట్టినవాడు

బుక్‌ప్యోంగ్,
వాన వెలిసిన మధ్యాహ్నం.

చిరంజీవి తమ్ముడు ఉన్‌చాన్‌ను అక్క దీవించి రాయునది.

ఇక్కడ అమ్మ క్షేమం. పక్క కొట్టు ఎండుచేపల మామ్మ క్షేమం, ఆవిడ నోరు మరీ క్షేమం. నా సంగతి కింద రాస్తాను. నువ్వు క్షేమమేనని నీ ఉత్తరంలో రెండుసార్లు రాశావు. రెండోసారి రాయకపోయుంటే నమ్మేదాన్ని.

ఫోనులో చెప్పకుండా ఈ కాగితాలేమిటని విసుక్కోకు. నువ్వు సైన్యంలో ఉన్నప్పుడు పడ్డ అలవాటు, నువ్వు బయటికొచ్చాక కూడా మనిద్దరికీ పోలేదు. ఈసారి దానికి ఇంకో కారణం ఉంది, అదీ కిందే. ఈ ఉత్తరాన్ని నీ అగ్గిపెట్టె గదిలో చదవకు. బయట ఎక్కడైనా, ఒక్కడివే ఉన్నప్పుడు చదువు. చదివినంతసేపూ ఫోనుని జేబులోంచి తీయకు.

దీన్ని చాలాసార్లు మొదలుపెట్టాను. రైల్లో రాసి చింపాను. స్టేషన్ ఎదురుగా బట్టలుతికే దుకాణంలో మిషను ముందు కూర్చుని రాసి చింపాను. ఇప్పుడు మన కూరల కొట్లోనే, గిన్నెలు కడిగే తొట్టి పక్కన స్టూలు మీద కూర్చుని రాస్తున్నాను. "ఆ కాలు ఊపడం ఆపవే, కౌంటరు మీద మూతలన్నీ గలగలమంటున్నాయి" అని అమ్మ ఇప్పటికే కసిరింది. ఆపాను. మళ్ళీ ఊగుతోంది.

నువ్వడిగినవాటికి వరసగా జవాబులు రాస్తాను. నువ్వు కూడా వరసగానే చదువు. చిన్నప్పటినుంచీ పుస్తకం చివరి పేజీ ముందు తిప్పే రకానివి, ఈ ఒక్కసారికి ఆ పని చేయకు.

అమ్మ మణికట్టు ఎలా ఉందన్నావు. డాక్టరు రోజంతా పట్టీ వేసుకోమన్నాడు. వేసుకుంటోంది, డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు. మిగతా వేళల్లో అది బియ్యం డబ్బా మూతకి చుట్టి ఉంటుంది. పోనీ ముల్లంగి తరగడానికి మనిషిని పెట్టుకుందామంటే, "పెట్టుకున్న మనిషి తరిగింది నేను మళ్ళీ తరగాలి, దానికి రెండు మణికట్లు కావాలి" అంటుంది.

ఆ కళ్ళజోడు పెద్దమనిషితో ఏమైందన్నావు. రెండుసార్లు కాఫీ తాగాం. రెండుసార్లూ నా ఉద్యోగం ఎలా చేయాలో నాకు వివరించాడు. మూడోసారి నాకు ఖాళీ దొరకలేదు, ఇక దొరకదు కూడా.

నువ్వు పంపిన కొత్త ఫ్రిజ్ ఎలా పనిచేస్తోందన్నావు. పనిచేయడం లేదు. పాడవలేదు, అమ్మ ప్లగ్గు పీకేసింది. కూరలన్నీ మళ్ళీ పాతదాన్లోకే చేరాయి. దాని తలుపుకి ఇప్పటికీ తాడే. కొత్తది అద్దాల తలుపులతో మూలన నిలబడి ఉంది, పిలవని పెళ్ళికొచ్చిన చుట్టంలా. ఎందుకో కింద రాస్తాను.

నీ చివరి ప్రశ్న ఒకటి మిగిలింది. "అక్కా, ఈమధ్య కొత్తగా ఏ పేర్లు పట్టుకుంటున్నారు? నీ మాటల వేట కబుర్లు రాయి, నవ్వి చాలా కాలమైంది" అని రాశావు. దీనికి జవాబు రాయడానికే ఈ ఉత్తరం.

నేను చేసే పని నీకు తెలుసు. మా యాప్‌లో జనం పాత సామాన్లు అమ్ముకుంటారు, తప్పిపోయిన పిల్లుల గురించి ప్రకటనలిస్తారు, పక్కింటి కుక్క మీద ఫిర్యాదులు చేసుకుంటారు. ఆ సందడిలోనే మత్తుమందులమ్మేవాళ్ళు దూరతారు. వాళ్ళు సరుకుని దాని పేరుతో పిలవరు. వాళ్ళు పెట్టిన కొత్త పేరేదో కనిపెట్టి, ఆ మాటకి తాళం వేయించడమే నా ఉద్యోగం. మొదట్లో వాళ్ళు "ఐసు" అనేవారు. తాళం వేశాం. "చల్లటి మందు" అన్నారు. దానికీ వేశాం. ఆ దెబ్బకి, నిజంగానే సోజు సారా తాగడానికి, చల్లటి మందు కొడదాం రమ్మని పక్కవీధి స్నేహితుణ్ణి పిలిచిన ఒక రిటైరైన పెద్దాయన ఖాతా మూసుకుపోయింది. ఆయన ఆఫీసుకి ఫోన్ చేసి, "అమ్మాయ్, మీ ఇంట్లో సోజు వేడిచేసుకుని తాగుతారా?" అని నన్ను నిలదీశాడు. ఇది నీకు రాశాను. "పెద్దాయనకి నా సెల్యూట్" అని జవాబిచ్చావు.

తర్వాత వాళ్ళు సూదిని "కర్ర" అన్నారు. గంజాయిని "గడ్డి" అన్నారు, ఆ మాట కూడా మూస్తే బ్రోకలీ బొమ్మ పెట్టారు. మాత్రల్ని "మిఠాయి" అన్నారు. నాకు మొదటినుంచీ తోచేదొకటే. వీటిలో ఒక్కటీ భయపెట్టే పేరు కాదు. విషమని ఎవడూ పిలవడు. అన్నీ వంటింట్లోవి, లేదా పిల్లల జేబుల్లోవి. ముద్దుపేరున్నదాన్ని చూసి మనిషి జంకడని వాళ్ళకి బాగా తెలుసు.

ముద్దుపేరు పెట్టడం మనింట్లో ఎవరికి బాగా వచ్చో నీకూ తెలుసు.

బడిలో వేయకముందు నువ్వు అమ్మ కౌంటరు కింద కూర్చునేవాడివి. గాజు పలకల గుండా నీకు కూరలన్నీ అడుగునుంచి కనిపించేవి. సోయాలో ఉడికిన తామర దుంప చక్రాల్ని, వాటి చిల్లుల్ని చూసి "పందిముక్కులు" అన్నావు. తీపికారం వేయించిన నెత్తళ్ళని "గుడ్లురిమేవాళ్ళు" అన్నావు. ఎండుచేపల మామ్మ గోడ పట్టుకుని నవ్వి, మర్నాడు గిన్నె తెచ్చుకుని, "ఏటే ఉన్‌చాన్ అమ్మా, రెండు గరిటెలు పందిముక్కులు, ఓ గుప్పెడు గుడ్లురిమేవాళ్ళు పెట్టు" అంది. అంతే, వీధంతా అవే పేర్లు. చివరికి అమ్మ కూడా మూతల మీద అంటించే చీటీలకి అవే రాసేసింది. కొత్తగా వచ్చినవాళ్ళెవరైనా "మేం పంది తినమండీ" అని వెనక్కి పెట్టేస్తే, అమ్మ మూత తీసి చూపించి ఓ ముక్క నోట్లో పెట్టేది. మన వీధి దాటితే ఆ పేరు ఎవరికీ తెలియదు. సంతకి అవతలి కొట్లో పందిముక్కు అడిగితే నిజం ముక్కే చేతిలో పెడతారు.

గత నెలలో ఒకరోజు నా తెర మీద ఒక మెసేజ్ వచ్చి ఆగింది. "పందిముక్కు వచ్చింది. కొంచెమే ఉంది. తెలిసినవాళ్ళు అడగండి." కింద ఫోటోలో ఎవరిదో మెట్లగది, గోడకి తుప్పుపట్టిన పెట్టె.

మా మిషనుకి ఏమీ అర్థం కానప్పుడు మనిషిని అడుగుతుంది. నా ముందు రెండు బొత్తాలుంటాయి, "హానికరం", "హానిలేనిది". నేను చాలాసేపు ఆ మాట వంకే చూశాను. పందిముక్కు తినేవాళ్ళు దేశంలో లక్షలమంది ఉన్నారు కదా అనుకున్నాను. తినే ముక్కకి మెట్లగది ఫోటో ఎందుకని మాత్రం అనుకోలేదు. "హానిలేనిది" నొక్కాను. నొక్కి మెట్లు దిగి వెళ్ళి ఐసు కాఫీ కొనుక్కున్నాను, తాగకుండా పట్టుకుని ఆ భవనం చుట్టూ తిరిగాను. వాచ్‌మన్ రెండోసారి ఎదురై, "ఏమైనా పారేసుకున్నారామ్మా?" అని అడిగాడు.

వారం తిరక్కుండా "గుడ్లురిమేవాళ్ళు" వచ్చారు.

మా టీం లీడర్ యోమ్ నా భుజం మీదుగా తొంగిచూశాడు. "ఇదేం పేరు సోల్‌హా? వీళ్ళకి ఎక్కడో కవి దొరికినట్టున్నాడే. మన జీతాలకి ఇలాంటివాడు రాడులే." పక్కసీటు అమ్మాయి నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూ ఆ మాటని "హానికరం"లో వేశాను. వేసి బాత్‌రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పి నిలబడ్డాను.

ఒరేయ్, పందిముక్కు ఎవరైనా అనొచ్చు. గుడ్లురిమేవాళ్ళు అనగలిగిన మనిషి ఈ భూమ్మీద ఒక్కడే.

ఆ తర్వాత నాకు ఇంకొకటి తట్టింది, దానిముందు ఇదంతా చిన్నదే. రెండేళ్ళుగా నువ్వు రాసిన ప్రతి ఉత్తరంలోనూ ఆ ప్రశ్న ఉంది. ఏ పేర్లు పట్టుకున్నారక్కా? నేను సంబరంగా రాసేదాన్ని. నా ఉద్యోగం కబుర్లు ఇష్టంగా వినే ఒకే ఒక్క మనిషివి నువ్వు. "చిలగడదుంపని పసిగట్టాం, తాళం ఇంకా వేయలేదు" అని రాశాను. ఆ తాళం పడేలోపే చిలగడదుంప ఊరు విడిచి వెళ్ళిపోయింది. అలా ఇంకా కొన్ని. లోపలి మనిషెవరో వాళ్ళకి కబుర్లు మోస్తున్నారని ఆఫీసులో గొణుక్కున్నారు. నేనూ వాళ్ళతో చేరి గొణిగాను. ఆ లోపలి మనిషిని నేనేరా.

ఇప్పుడు నువ్వు ఏ మెట్ల మీదో కూర్చుని ఉంటావు. మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని ఉంటావు. అలాగే ఉండి ఇది కూడా చదువు. నేను పోలీసుల దగ్గరికి వెళ్ళాను. నీ పేరు చెప్పాను. నా ఉత్తరాల సంగతీ చెప్పాను.

నేను కలిసింది ప్యో అనే ఆవిడని. మత్తుమందుల విభాగంలో చాలా ఏళ్ళనుంచి ఉందట. నేను వెళ్ళేసరికి కాగితం కప్పులో పొడి కాఫీ కలుపుకుంటోంది, చెంచా దొరక్క ఖాళీ పొట్లంతోనే తిప్పుతోంది.

"పందిముక్కు మీ కొట్లో కూర పేరంటావు. మీ వీధిలో వాళ్ళెవరైనా పెట్టి ఉండొచ్చుగా?" అంది.

"మా వీధిలో వాళ్ళందరికీ డెబ్బై దాటాయండీ."

"డెబ్బై దాటినవాళ్ళని కూడా పట్టుకున్నానమ్మా నేను."

"గుడ్లురిమేవాళ్ళు మా తమ్ముడి మాటండీ."

ఆవిడ తిప్పడం ఆపింది. "నువ్వు రాకపోయుంటే మాకు ఇంకొన్నాళ్ళు పట్టేది."

"మెచ్చుకుంటున్నారా, తిడుతున్నారా?"

"రెండూ కాదు. కాఫీ తాగు" అని తన కప్పే నా ముందుకు తోసింది.

తర్వాత ఆవిడ చెప్పినవి చెప్పినట్టు రాస్తున్నాను. నువ్వు పెద్ద తలకాయవి కాదంది. పొట్లాలు తీసుకెళ్ళి మెట్లగదుల్లో పెట్టి, ఫోటో తీసి పంపేవాడివంది. పార్సిళ్ళ పని, మంచి జీతం అని పిలిచి ఉంటారంది. మాకూ నువ్వు పార్సిళ్ళ పనేనన్నావు, అబద్ధం కాదనుకుంటా. చేర్చుకునేటప్పుడు గుర్తింపు కార్డు ముఖం పక్కన పెట్టించి వీడియో తీస్తారట. ఇంటి అడ్రసు, అమ్మ పేరు, కొట్టు పేరు అన్నీ చెప్పిస్తారట. మానేస్తానంటే అది ముందుపెట్టి బెదిరిస్తారట. నీ అక్క ఎక్కడ పనిచేస్తుందో కూడా అప్పుడే చెప్పించి ఉంటారని ఆవిడ అనుమానం. ఫోను కూడా వాళ్ళిచ్చిందే అయ్యుంటుంది, అందులో ఒక్క ముక్క కూడా మాట్లాడొద్దంది. "ఉత్తరం రాయి. ఈ రోజుల్లో ఉత్తరాన్ని అనుమానించేవాడెవడూ లేడు" అంది. మన ఉత్తరాల సంగతి విన్న తర్వాత ఆ మాట అని, తనే ఓసారి ముక్కు గోక్కుంది.

"వాడు వస్తే?" అన్నాను.

"తన కాళ్ళమీద నడిచొస్తే ఒక సంగతి. మేం వెళ్ళి పట్టుకొస్తే వేరే సంగతి. జడ్జీలకి ఆ తేడా బాగా తెలుసు."

"ఎన్నాళ్ళు ఆగుతారండీ?"

"ఆగుతానని నేనెప్పుడన్నాను?" అంది. నేను తలుపు దాకా వెళ్ళాక వెనకనుంచి, "వచ్చే సంత దాకా నాకు వేరే పనులున్నాయి" అంది.

నా ఉద్యోగం గురించి బెంగపడకు. లోపలికి వెళ్ళే కార్డు తీసుకున్నారు, విచారణ తేలేదాకా రావద్దన్నారు. యోమ్ లిఫ్ట్ దాకా వచ్చాడు, తలుపు మూసుకునేటప్పుడు తల వంచాడు. ఆ ఒక్కటే కాస్త కష్టంగా ఉంది.

అమ్మకి చెప్పడం ఇంకా కష్టమవుతుందనుకున్నాను. కొట్టు తలుపు సగం దించి, ముందే అనుకున్న మాటలన్నీ చెప్పాను. అమ్మ ముల్లంగి తరుగుతూనే విన్నది. నీ పని అన్నప్పుడు తరిగింది. పేర్లు అన్నప్పుడు తరిగింది. అంతా అయ్యాక కత్తి పక్కన పెట్టి, "వాడి పేరు నువ్వే చెప్పావా?" అంది.

"నేనే చెప్పానమ్మా."

"వాడికి చెప్పావా, చెప్పానని?"

"ఇంకా లేదు. ఉత్తరం రాయాలి."

"మరి రాయి. ఇక్కడ నిలబడి ముల్లంగి చూస్తావేం?"

అని లేచి, ఆ జీతంతో వచ్చిన కొత్త ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి ప్లగ్గు పీకింది. ట్రేలన్నీ ఒక్కొక్కటే పాతదాన్లోకి మార్చింది. నేను పట్టుకోబోతే మోచేత్తో తోసింది. ఏడుస్తుందేమోనని చూశాను. తాడు కట్టేటప్పుడు ముడి మూడుసార్లు ఊడిపోయింది, అంతే. మణికట్టు నొప్పి వల్లనని తనే చెప్పింది, నేనడగలేదు.

వాళ్ళ దగ్గర మన అడ్రసుందని చెబితే భయపడుతుందనుకున్నాను. నువ్వు మానలేకపోయింది దానికేనేమో అని నా అనుమానం, అందుకే అమ్మ అన్నది అక్షరం మార్చకుండా రాస్తున్నాను. "కొట్టు అడ్రసు తెలిస్తే ఏమైంది? తెలియాలనేగా మీ నాన్న అంత బోర్డు పెట్టించి పోయాడు. వస్తే రానీ. ఈ వీధిలో రోజంతా చేపలు నరికేవాళ్ళే ఉన్నారు." ఎండుచేపల మామ్మకి సగం విషయం కూడా తెలియదు గానీ, ఆవిడ అటునుంచి, "ఎవడే వచ్చేది? ఏటి సంగతి?" అని కత్తి పుచ్చుకునే వచ్చింది.

కాబట్టి తమ్ముడూ, ఇక్కడ మమ్మల్ని కాపాడటానికంటూ నువ్వు అక్కడ ఉండనక్కర్లేదు. సంతరోజు పొద్దుటి రైలెక్కు. సామాను సర్దకు, ఊరికే సిగరెట్లకి వెళ్తున్నట్టు బయటపడు. ఆ ఫోను గదిలోనే వదిలేసి రా. మన తోంగ్‌హే స్టేషన్లో నేనుంటాను, మొదటి రైలు నుంచీ ఆఖరి రైలు దాకా. కొట్టుకొచ్చి అన్నం తిందువుగాని. తర్వాత ముగ్గురం కలిసి నడిచివెళ్దాం. ప్యో మేడమ్ ఆఫీసు ఎక్కడో నాకు తెలుసు. అమ్మ ఇప్పటికే నీ మందపాటి కోటు ఎండలో వేసింది, ఎక్కడికెళ్ళినా చలేస్తుందేమోనని.

నీ ప్రశ్నలన్నిటికీ జవాబులు రాశాను. నాది ఒక్కటే ప్రశ్న. రెండేళ్ళు ఆ మాట నువ్వే అడిగావా, నీచేత ఎవరైనా అడిగించారా? మొదట నవ్వుకోవడానికే అడిగావని, తర్వాత ఎప్పుడో అది మారిందని నాకు నేను చెప్పుకుంటున్నాను. ఆ మారిన ఉత్తరం ఏదో కనిపెడదామని అన్నీ మళ్ళీ చదివాను. అన్నీ ఒకేలా ఉన్నాయి, అన్నిట్లోనూ నువ్వే ఉన్నావు. జవాబు రాసి పంపకు. స్టేషన్లో నా ముఖం చూసి చెప్పు. ఏ జవాబైనా, చెప్పాక నీ సంచీ నేనే మోస్తాను.

సంతరోజు కొట్టు మూస్తానని అమ్మ పొద్దున వీధిలో చెప్పేసింది. నాన్న చనిపోయిన వారంలో కూడా సంతరోజున మధ్యాహ్నానికి తెరిచిన మనిషి. మామ్మ నమ్మలేక, "ఏటే, సోల్‌హాకి సంబంధం కుదిరిందా?" అంది.

"మా వాడొస్తున్నాడు" అంది అమ్మ.

నేనింకా రెండో కాగితం మీదే ఉన్నాను అప్పటికి.

ఇంకొక్క సంగతి. అమ్మ తామర దుంప వండటం మానలేదు. మూత మీద చీటీ మాత్రం గోటితో గీకి తీసేసింది. వచ్చినవాళ్ళంతా ఆ ట్రే ముందు ఆగి, "ఇవాళ పందిముక్కులు లేవా?" అని అడుగుతున్నారు. ఎదురుగానే ఉన్నాయి, పేరు లేకపోయేసరికి ఎవరికీ కనబడటం లేదు. అమ్మ గరిటెతో చూపించి, "ఉన్నాయి. ఏమని పిలవాలో వాడొచ్చి చెప్తాడు" అని కట్టిస్తోంది.

ఇట్లు,
నీ పేరు చెప్పిన, నీకోసం స్టేషన్లో నిలబడే
అక్క సోల్‌హా